వైద్యం తెలుసు... వ్యవస్థ తెలుసా?

ఏ జబ్బుకు ఏ మందు ఇవ్వాలో డాక్టరుకు తెలుసు. మరి ఆ మందు రోగి చేతికి ఎలా చేరుతుంది? ఖర్చు ఎవరు భరిస్తారు? ఇంటికెళ్లాక బాగోగులు ఎవరు చూస్తారు? ఈ సంగతులు నేర్పడానికి అమెరికాలో పీజీ డాక్టర్లతో జట్లు కట్టిస్తున్నారు, వాదనలు పెట్టిస్తున్నారు, స్క్రాచ్ కార్డులు కూడా గీకిస్తున్నారు!

గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన పెద్దాయన కోలుకున్నాడు. ఆయాసం తగ్గింది, కాళ్ల వాపు దిగింది. డాక్టరు మందులు రాసిచ్చి 'ఇక ఇంటికి వెళ్లొచ్చు' అన్నాడు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. ఇరవై రోజులు తిరక్కుండానే మళ్లీ అదే ఆయాసం, అదే అంబులెన్స్, అదే వార్డు!

ఇదేదో ఒక ఇంటి కథ కాదు. అమెరికాలో ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారి కోసం ప్రభుత్వం నడిపే బీమా పథకం మెడికేర్. 2003-04లో ఆ పథకం కింద ఆసుపత్రుల్లో చేరి ఇంటికెళ్లినవారి లెక్కలు తీసి, పరిశోధకులు 2009లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రచురించారు. నూటికి 19.6 మంది, అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు 30 రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రిలో చేరారు. అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. ఆపరేషన్ అవసరం లేకుండా మందులతో కోలుకుని వెళ్లి, నెలలోపే తిరిగొచ్చినవారిలో సగం మందికి మధ్యలో ఏ డాక్టరూ చూసినట్టు బిల్లే లేదు!

ఇలా తిరిగొచ్చే ప్రతి కేసులోనూ డాక్టరు మందు తప్పు రాసి ఉండడు. జబ్బును సరిగ్గానే పట్టి ఉంటాడు. కానీ ఆసుపత్రి గుమ్మానికీ ఇంటి గుమ్మానికీ మధ్య ఏదో ఒక ముడి ఊడిపోతుంది. కొత్త మాత్రలతోపాటు పాతవీ మింగేవారు కొందరు. కొన్ని మందులకు బీమా వర్తించక కొనడం మానేసేవారు కొందరు. వారంలో రమ్మన్నా తీసుకెళ్లేవాళ్లు లేక ఆగిపోయేవారు మరికొందరు. వీటిలో ఏదీ వైద్య గ్రంథాల్లో జబ్బు కింద ఉండదు. రోగి ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం అవే.

మూడో పాఠం

వైద్య విద్య అంటే రెండే భాగాలని చాలాకాలం అనుకున్నారు. శరీరం గురించి చదువుకోవడం ఒకటి, రోగుల మధ్య తిరుగుతూ వైద్యం నేర్చుకోవడం రెండోది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్నర్ అమెరికా వైద్య కళాశాలలన్నీ తిరిగి ఇచ్చిన నివేదికతో ఈ పద్ధతి స్థిరపడిపోయింది. వైద్యాన్ని రోగికి చేర్చే ఏర్పాట్ల గురించి, అంటే బీమా, ఆసుపత్రుల నిర్వహణ, మందుల సరఫరా, ఒకరి నుంచి ఒకరికి బాధ్యత అప్పగించడం వంటివాటి గురించి, ప్రత్యేకంగా చెప్పాలని పెద్దగా ఎవరికీ తట్టలేదు. ఉద్యోగంలో చేరాక అవే తెలుస్తాయిలే అనుకున్నారు.

ఆ ధీమాను 1999 దెబ్బకొట్టింది. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఆ ఏడాది అంచనా వేసింది. పొరపాట్లలో ఎక్కువ భాగం మనుషుల నిర్లక్ష్యం వల్ల కాదనీ, మంచివాళ్లు కూడా తప్పు చేసేలా ఉన్న ఏర్పాట్ల వల్లేననీ తేల్చింది. అదే సంవత్సరం అక్కడ పీజీ వైద్య శిక్షణను పర్యవేక్షించే ఏసీజీఎంఈ అనే సంస్థ ప్రతి రెసిడెంటుకూ తప్పనిసరిగా రావాల్సిన ఆరు సామర్థ్యాలను ప్రకటించింది. రోగి సంరక్షణ, వైద్య పరిజ్ఞానం, చేసిన పని నుంచి నేర్చుకోవడం, మాట్లాడే తీరు, వృత్తి ధర్మం... అయిదూ తెలిసినవే. ఆరోది కొత్తది: 'వ్యవస్థను ఎరిగి వైద్యం చేయడం'. 2013 నుంచి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా దీన్ని వైద్య విద్యకు మూడో స్తంభంగా నిలబెట్టే ప్రయత్నం మొదలుపెట్టింది.

రెసిడెంట్ అంటే మన దగ్గర పీజీ చేసే జూనియర్ డాక్టరు లాంటివారే. అక్కడ శాఖను బట్టి మూడు నుంచి ఏడేళ్ల వరకూ ఈ శిక్షణ ఉంటుంది. ఎంబీబీఎస్ అయ్యాక పరీక్షలు రాసి ఏటా మన తెలుగు పిల్లలూ ఇందులో చేరుతుంటారు. పగలూ రాత్రీ వార్డులో ఉండేది వీళ్లే. డిశ్చార్జి కాగితాలు రాసేదీ చాలావరకూ వీళ్లే. కాబట్టి ఊడిపోయే ముళ్లన్నీ వీళ్ల చేతుల మీదుగా పోయేవే.

మరి బీమా నిబంధనల మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తే? రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన డాక్టరుకు అది జోలపాటే!

బిజినెస్ స్కూలు నుంచి వచ్చిన ఉపాయం

దీనికి ఒక మార్గం వైద్యంతో సంబంధం లేనిచోట దొరికింది. 1970ల చివర్లో ఓక్లహామా విశ్వవిద్యాలయంలో లారీ మైకేల్‌సన్ అనే ప్రొఫెసర్ బిజినెస్ విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. నలభై మంది ఉండే తరగతి ఒక్కసారిగా నూట ఇరవైకి పెరిగింది. అంతమందిని కూర్చోబెట్టి ఉపన్యాసం చెబితే ఎవరి బుర్రా పనిచేయదని ఆయనకు తెలుసు. అందుకే తరగతిని చిన్న చిన్న జట్లుగా విడగొట్టి, పాఠం ఇంటి దగ్గరే చదువుకుని రమ్మని, తరగతి సమయాన్ని సమస్యలు తేల్చడానికి వాడుకున్నారు. అదే 'టీమ్ బేస్డ్ లెర్నింగ్'. మన మాటల్లో జట్టు చదువు.

2001 ప్రాంతంలో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల దీన్ని వైద్య విద్యలోకి తీసుకొచ్చింది. సింగపూర్‌లో 2007లో తొలి బ్యాచ్‌ను చేర్చుకున్న డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల తన బోధనకు దీన్నే పునాదిగా చేసుకుంది. వైద్య విద్యార్థుల తరగతుల్లో కుదురుకున్న ఈ పద్ధతినే తర్వాత రెసిడెంట్ల శిక్షణలోనూ వాడుకోవడం మొదలైంది.

జట్టు అనగానే మనకు గుర్తొచ్చేది స్కూల్లో ప్రాజెక్టు పని. ఒకరు చేస్తారు, నలుగురు పేరు రాయించుకుంటారు. ఇక్కడ ఆ పప్పులేం ఉడకవు. ఎందుకంటే...

మొదట ఎవరికి వారు చదువుకుని రావాలి. రాగానే కొన్ని ప్రశ్నలతో చిన్న పరీక్ష. ఎవరిది వారే రాయాలి. ఎవరు చదివారో, ఎవరు చదవలేదో అక్కడే తేలిపోతుంది.

తర్వాత అవే ప్రశ్నలు జట్టుకు ఇస్తారు. జట్టుకు అయిదు నుంచి ఏడుగురు. స్నేహితులంతా ఒకచోట చేరకుండా జట్లను అధ్యాపకులే వేస్తారు. ఈసారి జవాబు రాయడం ఉండదు, గీకడమే! ఒకప్పుడు సెల్‌ఫోన్ రీచార్జి కార్డు మీద వెండిపూత గీకేవాళ్లం గుర్తుందా? అలాంటి కార్డే ఇస్తారు. అందరూ మాట్లాడుకుని ఒక జవాబు మీది పూత గీకితే, సరైనదైతే కింద నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. కనిపించకపోతే మళ్లీ చర్చించుకుని ఇంకోటి గీకాలి. గీకేకొద్దీ మార్కులు తగ్గుతాయి. 'నేను ముందే చెప్పాను కదా' అని మూలన కూర్చున్న మౌనముని నోరు తెరిచేది ఇక్కడే. గట్టిగా మాట్లాడేవాడే ఒప్పు కాదని జట్టుకు తెలిసొచ్చేదీ ఇక్కడే.

ఏ ప్రశ్నకైనా 'మా జవాబే సరైనది' అనిపిస్తే జట్టు కారణాలు రాసి అప్పీలు చేసుకోవచ్చు. అందరూ తికమకపడిన విషయాన్ని మాత్రమే అధ్యాపకుడు కాసేపు వివరిస్తాడు.

అసలు ఘట్టం ఆ తర్వాతే. నిజజీవితంలో ఎదురయ్యే చిక్కుముడి ఒకటి ఇస్తారు. అన్ని జట్లకూ ఒకటే సమస్య. ఇచ్చిన జవాబుల్లోంచి ఒక్కటే ఎంచుకోవాలి. 'అదీ మంచిదే, ఇదీ మంచిదే' అంటే కుదరదు. అందరూ ఒకేసారి కార్డు పైకెత్తి తమ జవాబు చూపించాలి. ఒక జట్టు 'ఎ' అంటే పక్క జట్టు 'సి' అంటుంది. ఎందుకో చెప్పుకోవాల్సి వస్తుంది. వాదన మొదలవుతుంది. నిద్ర ఎగిరిపోతుంది!

ఒక బామ్మ, ఒక మాట

వ్యవస్థ పాఠం ఈ పద్ధతిలో ఎలా ఉంటుందో చూడటానికి ఒక సమస్య అనుకుందాం. ఎనభై ఏళ్ల బామ్మ ఇంట్లో జారిపడింది. తుంటి దగ్గర ఎముక చిట్లింది కానీ ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి ఎక్కువగా ఉంది, నడవలేదు. ఒంటరిగా ఉంటుంది. రెసిడెంట్ ఇప్పుడు ఏం చేయాలి? ఎ) ఆసుపత్రిలో చేర్చుకున్నట్టు రాయాలి. బి) 'అబ్జర్వేషన్'లో ఉంచినట్టు రాయాలి. సి) ఇంటికే పంపి నర్సు వెళ్లి చూసేలా ఏర్పాటు చేయాలి. డి) నేరుగా నర్సింగ్ సంరక్షణ కేంద్రానికి పంపాలి.

మొదటి రెండింటికీ తేడా ఏముంది, అదే వార్డు, అదే మంచం కదా అనిపిస్తుంది. తేడా బిల్లులో ఉంది! సంప్రదాయ మెడికేర్ నిబంధన ప్రకారం, రోగి వరసగా మూడు రోజులు 'ఇన్‌పేషెంట్'గా ఉంటేనే తర్వాత నర్సింగ్ కేంద్రంలో ఉండే ఖర్చు పథకం భరిస్తుంది. అలా అర్హత ఉంటే మొదటి 20 రోజులకు రోగి పైసా కట్టక్కర్లేదు. 'అబ్జర్వేషన్'లో గడిపిన రోజులు ఆ లెక్కలోకి రావు. మూడు రాత్రులు అదే మంచం మీద ఉన్నా సరే, కాగితం మీద ఆ ఒక్క మాట ఉంటే నర్సింగ్ కేంద్రం ఖర్చంతా కుటుంబం నెత్తిన పడుతుంది.

'అయితే చేర్చుకున్నామని రాసేద్దాం' అంటుంది ఒక జట్టు. 'అవసరం లేకుండా అలా రాస్తే తప్పుడు బిల్లు కాదా?' అంటుంది ఇంకో జట్టు. నిజమే. రోగి కనీసం రెండు అర్ధరాత్రులు దాటి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుందని డాక్టరు సహేతుకంగా భావిస్తేనే అలా రాయాలని 2013 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. 'మరి బామ్మకు అసలు విషయం ఎవరు చెబుతారు?' అని మూడో జట్టు అడుగుతుంది. అబ్జర్వేషన్‌లో 24 గంటలు దాటినవారికి ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలన్న నియమం 2017 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద సంతకం తీసుకుంటే సరిపోతుందా, అర్థమయ్యేలా చెప్పాలా? నర్సు ఇంటికెళ్తే వంట ఎవరు చేస్తారు? మందులషాపుకు ఎవరు వెళ్తారు?

ఈ ప్రశ్నలు ఒక్క డాక్టరుకే తట్టవు. ఒకరికి బీమా సంగతి గుర్తొస్తుంది, ఒకరికి నొప్పి మాత్రల వల్ల తూలి మళ్లీ పడే ప్రమాదం గుర్తొస్తుంది, ఇంకొకరికి తమ ఇంట్లో అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆసుపత్రి సోషల్ వర్కరునో, ఫార్మసిస్టునో తరగతికి పిలిస్తే ఎవరూ ఊహించని ఇబ్బంది ఇంకోటి బయటపడుతుంది. నిబంధనను ఉపన్యాసంలో విన్నవాళ్లు మర్చిపోవచ్చు. దానిమీద పావుగంట పోట్లాడినవాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు.

అప్పగింతలోనే ఉంది

వ్యవస్థ అంటే కేవలం బీమా కాగితాలే కాదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి రోగి మారే క్షణం కూడా వ్యవస్థే. సాయంత్రం డ్యూటీ దిగే డాక్టరు రాత్రి డాక్టరుకు 'ఏడో బెడ్ పర్లేదు' అని చెప్పి వెళ్లిపోతే? ఆ 'పర్లేదు' వెనక ఏముందో రాత్రి రెండు గంటలకు ఎవరిని అడగాలి?

ఇలాంటి అప్పగింతలకు 'ఐ-పాస్' అనే పద్ధతిని తయారుచేశారు. రోగి పరిస్థితి ఎంత తీవ్రం, క్లుప్తంగా కేసు వివరం, చేయాల్సిన పనులు, ఏదైనా తేడా వస్తే ఏం చేయాలి... ఈ నాలుగూ చెప్పాక, విన్న డాక్టరు తనకు అర్థమైంది తిరిగి చెప్పాలి. ఇదే క్రమం. తొమ్మిది ఆసుపత్రుల్లో పిల్లల విభాగాల రెసిడెంట్లకు ఇది నేర్పించి చూశారు. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయని 2014లో ఫలితాలు వెలువడ్డాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మాట్లాడుకునే తీరు మారింది, అంతే!

అంత తేలికేం కాదు

జట్టు చదువు మంత్రదండం అని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. వైద్యం, దాని అనుబంధ కోర్సుల్లో ఈ పద్ధతిపై వచ్చిన 14 అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి సమీక్షించారు. వాటిలో ఏడింటిలో విద్యార్థుల పరిజ్ఞానం స్పష్టంగా పెరిగింది. నాలుగింటిలో మామూలు పద్ధతికీ దీనికీ తేడా కనిపించలేదు. పైగా పరీక్షలో మార్కులు పెరగడం వేరు, వార్డులో ప్రవర్తన మారడం వేరు.

రెసిడెంట్లతో ఇంకో చిక్కుంది. అమెరికాలో 2003 నుంచి వాళ్ల పని వారానికి 80 గంటలు మించకూడదన్న నియమం ఉంది. అంటే 80 గంటల దాకా చేయించవచ్చన్నమాట! అంత పనిచేసేవాళ్లు ముందుగా చదువుకుని రావాలంటే ఎప్పుడు? పైగా నెలకో విభాగం మారుతుంటారు. ఇవాళ జట్టులో ఉన్నవారు వచ్చే వారం రాత్రి డ్యూటీలో ఉంటారు. అందుకే ఈ పద్ధతి రెసిడెంట్ల దగ్గర పనిచేయాలంటే చదవాల్సింది రెండు మూడు పేజీలకు మించకూడదు. తరగతి జరిగే పూట డ్యూటీ నుంచి మినహాయింపు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా సమస్య వాళ్ల వార్డులోంచే రావాలి.

మన దగ్గరో?

మన వ్యవస్థ వేరు. చిక్కుముళ్లు మాత్రం తక్కువేం కాదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులు, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్... పథకాలున్నాయి. కాలక్రమంలో కొన్నిటి పేర్లూ పరిమితులూ మారాయి. ఏ చికిత్సకు ముందస్తు అనుమతి కావాలి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చేసే పనేమిటి, డిశ్చార్జి తర్వాతి మందులకు ప్యాకేజీ ఉందా లేదా అన్నవి యువ వైద్యులు సీనియర్లను అడిగీ, తడబడీ నేర్చుకుంటుంటారు.

ఈ దిశగా ఒక అడుగు పడింది. పీజీ వైద్య విద్యార్థులు మూడో, నాలుగో లేదా అయిదో సెమిస్టర్లో మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. దీన్నే డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అంటున్నారు. జిల్లాలో ఆరోగ్య వ్యవస్థ ఎలా నడుస్తుందో, జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు ఎలా అమలవుతాయో ప్రత్యక్షంగా చూడటమూ దాని ఉద్దేశాల్లో ఒకటి. ఖాళీలు నింపే అదనపు చేతులుగా మాత్రమే ఈ డాక్టర్లను చూస్తే ఆ ఉద్దేశం నీరుగారిపోతుంది. వారానికి ఒక్క గంట జట్టుగా కూర్చోబెట్టినా చాలు.

సమస్యకేం కొదవ? పట్నంలో గుండెకు స్టెంట్ వేయించుకున్న రైతు పల్లెకు వెళ్లిపోయాడు. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు నెలల తరబడి మానకుండా వాడాలి. మధ్యలో మానేస్తే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. నెలాఖరుకు మాత్రలైపోతే అతను ఎవరి దగ్గరికి వెళ్లాలి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికా? జిల్లా ఆసుపత్రికా? స్టెంట్ వేసిన ఆసుపత్రికా? ఆశా కార్యకర్తకు ఈ సంగతి చెప్పేదెవరు? జట్టులో ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉన్నా పర్లేదు. ఈ ప్రశ్న అందరిదీ.

మందుల చీటీ రాయడంతో డాక్టరు పని సగమే అయినట్టు. ఆ మాత్ర ఆ రైతు నోట్లో పడే దాకా మిగతా సగం ఉంటుంది. ఆ సగాన్ని ఒక్కరే మోయలేరు. పదిమంది కలిసి మోయడం నేర్చుకోవాల్సింది చదువుకునే రోజుల్లోనే.

ఇంటికెళ్లే రోజు అడగండి

డాక్టర్లు నేర్చుకునేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లోవాళ్లూ జట్టులో భాగమే. డిశ్చార్జి రోజున ఈ సంగతులు తెలుసుకుని కాగితం మీద రాసుకోండి.

* పాత మందుల్లో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపేయాలి? ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకెళ్లి చూపించండి.
* మళ్లీ ఎప్పుడు, ఏ డాక్టరుకు చూపించాలి?
* ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలి?
* ఇంకా రావాల్సిన పరీక్షల ఫలితాలేమైనా ఉన్నాయా? అవి ఎవరు చూసి చెబుతారు?
* ఆరోగ్య పథకం లేదా బీమా తర్వాతి మందులకూ వర్తిస్తుందా?

చివరగా, విన్నది మీ మాటల్లో తిరిగి డాక్టరుకు చెప్పండి. ఎక్కడైనా పొరపాటుంటే అక్కడే సరిదిద్దుతారు.